సముద్రం దాకా, ఎవరూ ఎత్తకుండా

'తప్పక చూడవలసిన ప్రదేశాలు' అని రాసేవారు ఆ 'తప్పక' అన్న మాటను ఎవరిని ఉద్దేశించి రాస్తున్నారని మీరెప్పుడైనా ప్రశ్నించారా? ఏ బస్సు ఎక్కాలో, ఏ హోటల్లో భోజనం బాగుంటుందో, ఏ గుడి తలుపులు మధ్యాహ్నం ఎప్పుడు మూస్తారో ఆ వ్యాసాలన్నీ చెబుతాయి. గుమ్మం ఎత్తు ఎంతో, రేవులో చివరి మెట్టు తరవాత ఏముందో, ఇసుక ఎక్కడ మొదలవుతుందో ఒక్కటీ చెప్పదు. కాళ్లు పనిచేసే మనిషి ఒకరు కాళ్లు పనిచేసే మరొకరికి రాసుకున్న ఉత్తరాలవి. గోదావరి డెల్టాలో రెండు రోజులు తిరిగి వచ్చి రాస్తున్న ఈ కథనం ఆ లోటును పూడుస్తుందని నేను చెప్పను. నా ఫిర్యాదు మెట్ల మీద కన్నా మనుషుల మీదే ఎక్కువ. అందులోనూ మంచి మనుషుల మీద.

నాగమణి నా స్నేహితురాలు. రాజమహేంద్రవరంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ డిబేట్ పోటీలకు మేమిద్దరం ఒకే జట్టు. ఇప్పుడు ఆమె న్యాయశాస్త్రం చదువుతోంది. చిన్నప్పుడు జరిగిన రోడ్డు ప్రమాదం తరవాత ఆమె కాళ్లు పనిచేయవు. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. చేతులు మాత్రం నా చేతులకన్నా రెండింతలు బలమైనవి. కుర్చీలోంచి ఆటోలోకి, ఆటోలోంచి కుర్చీలోకి ఎవరి సాయమూ లేకుండా మారగలదు.

కాలేజీ విహారయాత్రల ఫొటోలు ఒకరోజు మా ఇద్దరి ముందూ పరుచుకుని ఉండగా మణి ఒక విషయం చూపించింది. ప్రతి ఫొటోలోనూ ఆమె ఎవరో ఒకరి చేతుల్లో ఉంది. ఒక కొండ మీద వంటమనిషి చేతుల్లో, ఒక జలపాతం దగ్గర ఇద్దరు సీనియర్ల చేతుల్లో. సముద్రం ఫొటోలో అసలు సముద్రమే సరిగ్గా కనిపించదు. మోస్తున్నవారి నవ్వులు కనిపిస్తాయి.

"నేను చూసినవన్నీ ఎవరి భుజం మీదుగానో చూసినవే, హారికా. సముద్రం దాకా నా అంతట నేను వెళ్లాలి. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తకుండా కుదరని చోటు ఉంటే దాన్ని వదిలేద్దాం" అంది.

అదొక్కటే షరతు. గమ్యం అంతర్వేది, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. మా ప్రాంతంలోనే ఉన్న వింతలు చూస్తూ వెళ్లి, చివర సముద్రం చూసి తిరిగి రావాలని అనుకున్నాం. బస్సు మెట్లు మా షరతుకు లొంగవు కనుక రెండు రోజులకు ఆటో మాట్లాడుకున్నాం. మా వీధి చివర ఆటో నడిపే సత్తిబాబు గారు యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. షరతు ఆయనకు విడమరచి చెప్పాను. "అలాగేనండి, అలాగేనండి, అలాగేనండి" అన్నారు. డెల్టాలో పుట్టి పెరిగినా ఒక విషయం ఆ క్షణాన నాకు తట్టలేదు. మా వైపు 'అలాగేనండి' అనే మాట అంగీకారం కాదు. ఎదుటివారి మాట పూర్తయిందని తెలిపే మర్యాద మాత్రమే.

డిసెంబరు ఉదయం ఆరింటికి బయలుదేరాం. మొదట గోదావరి రేవు. వంతెనల మీద తొలి వెలుగు పడే వేళకు గట్టు పైన ఉండాలని మణి కోరిక. మెట్లు దిగే ఆలోచనే లేదు. పైనుంచి నది అంతా కనిపిస్తుంది. కుర్చీ ఆపి ఐదు నిమిషాలు కాలేదు, స్నానం చేసి తడి పంచెతో ఎక్కి వస్తున్న ఒకాయన ఆగి, ఎత్తి కిందికి తీసుకెళ్లి గోదారమ్మను తాకించి తెస్తామన్నారు. ఆయన వెనక మరో ఇద్దరు అప్పటికే తువ్వాళ్లు నడుముకు బిగిస్తున్నారు. పైనుంచి బాగానే కనిపిస్తోందని మణి చెప్పింది.

"ఇంత దూరం వచ్చి తాకకుండా వెళ్లిపోతారేంటండి?" అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

మేము వచ్చింది రెండు వీధుల అవతలి నుంచి. ఆ మాట చెప్పినా ఆయన బాధ తగ్గలేదు. మా వెనక ఊరి మీదుగా సూర్యుడు వచ్చాడు, వంతెన వంపులు ఎర్రబడి ఆ వెలుగు నీళ్ల మీద పరుచుకుంది. ఆ దృశ్యంలో సగం సేపు మేము ఒక అపరిచితుణ్ని ఓదారుస్తూ గడిపాం.

అక్కడినుంచి కడియం నర్సరీలకు. ఈ యాత్రలో ఏ చికాకూ లేకుండా గడిచిన చోటు అదొక్కటే కనుక కొంచెం వివరంగా చెబుతాను. కుండీలు తోసుకెళ్లే బళ్ల కోసం వరసల మధ్య బాటలు చదునుగా చేసి ఉంచుతారు. బంతి, చామంతి, ఏ దేశానివో పేర్లు తెలియని ఆకులు, మోకాలెత్తు మామిడి మొక్కలు, ఇవన్నీ కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తులోనే ఉంటాయి. మణి తనే చక్రాలు తిప్పుకుంటూ ఒక వరస చివరిదాకా వెళ్లి, మరో వరసలోంచి తిరిగి వచ్చింది. నేను వెనక పడిపోయాను. ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. అక్కడి ఆడవాళ్లు కుండీల్లో ఎర్రమట్టి నింపే పనిలో ఉన్నారు. ఆమె కోసం ఎవరూ ఏమీ చేయని ఆ అరగంట ఎంత హాయిగా ఉందో ఆమె ముఖం చూస్తే తెలిసింది. మీరు వెళ్తే ఉదయమే వెళ్లండి, తరవాత మొక్కల లారీలు బాటలకు అడ్డం వస్తాయి.

మండపేటలో పెసరట్టు, ఉప్మా తిని ముందుకు పోవలసిన వాళ్లం గంటన్నర ఆగాం. కారణం సత్తిబాబు గారి బావమరిది. ఆయన అక్కడ రైసు మిల్లులో పనిచేస్తారు. ఊరిమీదుగా వెళ్తూ ఇంటికి రాకపోతే మాట పడాలట. ఇంటికి వెళ్లాం. గుమ్మానికి మెట్లున్నాయి కనుక మణి ఆటోలోనే కూర్చుంటానంది. వెంటనే కాఫీలు ఆటో దగ్గరికే వచ్చాయి, వెనకే జంతికలు, వాటి వెనక ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ. ఎనిమిది మంది ఆటో చుట్టూ నిలబడి మణి కాఫీ తాగడం చూశారు. ఇంటావిడ కంటతడి పెట్టుకుని, లోపలికి ఎత్తుకు రమ్మని భర్తకు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ నేను వద్దన్నాను. మూడోసారి మణే అంది: "మీ కాఫీ బాగుందండి. దాన్ని నన్ను తాగనివ్వండి." ఆవిడ మరో గ్లాసు పోశారు.

రామచంద్రపురంలో భోజనం. చదునైన గుమ్మం ఉన్న మెస్ వెతకడానికే చాలాసేపు పట్టింది. ముద్దపప్పు, గోంగూర, మజ్జిగ పులుసు. రుచిలో లోపం లేదు. వడ్డించే ఆయన విస్తరి దగ్గరికి వచ్చి "ఇంకొంచెం వెయ్యమంటారా అండి?" అనేవారు. 'అండి' పూర్తయ్యేసరికి అన్నం విస్తరిలో ఉండేది. మణి చెయ్యి అడ్డం పెడితే చెయ్యి పక్కన వేశారు. మూడుసార్లు గమనించాక నాకు ఒక సూత్రం దొరికినట్లయింది. ఇక్కడ ప్రశ్న అడిగేది జవాబు కోసం కాదు. పని మొదలుపెడుతున్నామని తెలపడానికి చేసే శబ్దమే ప్రశ్న. వద్దనడాన్ని మొహమాటంగా లెక్కగట్టి, ఆ మొహమాటాన్ని పోగొట్టడం తమ బాధ్యతగా భావిస్తారు. విస్తరి విషయంలో దీనివల్ల కలిగే నష్టం అజీర్తి మాత్రమే. మనిషి ఒంటి విషయంలో?

మధ్యాహ్నం గుడి తెరిచే వేళకు ద్రాక్షారామం చేరాం. ఎత్తైన గోపురాలు, రాళ్ల మీద పాత లిపిలో చెక్కిన శాసనాలు, నల్లరాతి స్తంభాలు. స్వామివారి లింగం రెండంతస్తుల ఎత్తు. పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. మేము వెళ్లిన వైపు రాతి గడప మోకాలంత ఉంది. శతాబ్దాల కిందట కట్టిన గడపతో నాకు తగువు లేదు. తగువు వచ్చింది పుణ్యంతో. ఒక పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు కుర్చీకి తలో వైపూ చేరి, స్వామి దర్శనం చేయిస్తే తమకూ పుణ్యం వస్తుందన్నారు.

మణి చక్రాల బ్రేకులు వేసింది. "మీ పుణ్యానికి నేను సామానా అండి?"

పెద్దాయన కొడుకుల వైపు చూశారు. కోపగించుకోలేదు, కోపగించుకుని ఉంటే మాకు తేలికయ్యేది. "చదువుకున్న పిల్ల, అభిమానం ఎక్కువ" అని వాళ్లకు మెల్లగా నచ్చజెప్పారు. మేము వినగలిగేంత మెల్లగా.

మణి బయటి ప్రాకారంలోనే ఉండిపోయింది. పైకి వెళ్లి చూసొచ్చి చెప్పమని నన్ను పంపింది. "బాగుంది అని మాత్రం చెప్పకు. ఏముందో చెప్పు." వెళ్లాను. పైఅంతస్తు చీకటి, నూనె దీపాల వాసన, పాదాలకు తగిలే రాతి చల్లదనం, పక్క సందులోంచి పడే సన్నటి వెలుగు, ఆ వెలుగులో మెరిసే నల్లని రాయి. దిగి వచ్చి ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ప్రశ్నలు అడిగింది, నేను జవాబులు చెప్పాను. జవాబు వినేదాకా ఆగి మరో ప్రశ్న అడిగిన మనిషి ఆ రోజంతటిలో ఆమె ఒక్కతే.

కోటిపల్లి రేవుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇక్కడ గౌతమి దాటి ముక్తేశ్వరం వైపు వెళ్లాలి. రెండు పడవలను జోడించి మీద బల్లలు పరిచిన దాన్ని పంటు అంటారు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఆటోలు, గేదెలు, అరటి గెలలు అన్నీ దానిమీదే అవతలికి పోతాయి. ఒడ్డుకూ పంటుకూ మధ్య రెండు పొడవాటి బల్లలు వేస్తారు. వాటి మీదుగా ఒక మోటారు సైకిలు ఎక్కింది, తరవాత మరొకటి. మేము ఒడ్డున దిగాక, సత్తిబాబు గారు మధ్యలో మరో బల్ల వేయించుకుని ఆటోను నేర్పుగా ఎక్కించారు. అది అయిన వెంటనే పంటు మనిషి బల్లలు పక్కకు జరిపి, చేతులు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"ఎత్తమంటారా అండి?"

చేతులు అప్పటికే కుర్చీ పిడుల మీద ఉన్నాయి. మణి అతని చేతులను ఒకదాని తరవాత ఒకటి తీసేసింది.

"ఆ మోటారు సైకిలాయన్ని ఎత్తలేదేం?"

"ఆయనకి బండుంది కదండి."

"నాదీ బండే. చక్రాలున్నాయి చూడండి."

"ఆ బండి బరువండి. అందుకే బల్ల వేస్తాం."

"నేనూ బరువే. వేయండి."

పంటు మీద ఉన్నవాళ్లు నవ్వారు. గేదెను పట్టుకున్న రైతు ఒకాయన, "ఆవిడ అడిగింది న్యాయంగానే ఉందిరా, బల్ల వేసెయ్, చీకటి పడుతోంది" అన్నాడు. బల్లలు మళ్లీ వచ్చాయి. చక్రాల మధ్య ఎడానికి సరిపోయేలా వాటిని జరపడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. మణి ఎక్కింది. వెనక్కి జారకుండా పట్టుకోమని నన్ను అడిగింది, పట్టుకున్నాను. నీళ్ల మీద వెలుగు తగ్గుతుండగా పంటు కదిలింది. అవతలి ఒడ్డు కొబ్బరి చెట్ల వరస నల్లగా దగ్గరవుతోంది. ఆలోచిస్తే ఒళ్లు మండింది. ఈ డెల్టాలో యంత్రానికీ పశువుకూ బల్ల వేయడం తరతరాలుగా తెలుసు. మోటారు సైకిలును మోసుకెళ్తామని ఎవరూ అనరు. దానికి చెందిన దారి దానికి ఇస్తారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి దారి ఇవ్వరు, దయ ఇస్తారు.

రాత్రికి అమలాపురం దాటి ఒక చిన్న ఊళ్లో లాడ్జి. స్నానాల గది తలుపు కుర్చీ కన్నా ఇరుకు. యజమాని గారు తమ ఇంటి ఆడవాళ్లను పిలిపిస్తానని, వాళ్లు ఎత్తుకుని తీసుకెళ్తారని అన్నారు. తలుపు ఊడదీయమని మణి అడిగింది. ఆయన ఊడదీశారు. తలుపు బదులు మేము దుప్పటి అడ్డం కట్టాం. లాడ్జి పేరు చెప్పను, అద్దె మాత్రం వసతికి తగ్గట్టే తక్కువ.

రెండో రోజు ఉదయం రాజోలు మీదుగా అంతర్వేది. దారి పొడవునా కాలవలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువుల్లో తిరిగే చక్రాలు. గుడి గోపురం, దూరాన లైట్‌హౌస్ చూస్తూ తీరం వైపు వెళ్లాం. సిమెంటు రోడ్డు ఒక చోట ఆగిపోతుంది. అక్కడినుంచి ఇసుక. సముద్రం కనిపిస్తూనే ఉంది, వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఒక వీధి వెడల్పు పొడి ఇసుక. మణి కుర్చీని దానిమీదికి తోసింది. ముందు చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. మళ్లీ తోసింది, ఇంకా దిగబడ్డాయి.

నేను తడి ఇసుక గట్టిగా ఉందా లేదా చూసి రావడానికి ముందుకు వెళ్లాను. వెనక సత్తిబాబు గారి గొంతు వినిపించింది. "ఎత్తేయమంటారా అమ్మా?" తిరిగి చూసేసరికి ఆయనా, పక్కన వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు జాలరులూ కుర్చీని మణితో సహా పైకెత్తి పరుగులాంటి నడకతో వస్తున్నారు. మణి "వద్దు" అంటోంది. "వద్దు, దించండి" అంటోంది. అలల చప్పుడులోనూ నాకు వినిపించింది; వాళ్లకు వినిపించలేదని నేను నమ్మను. నా పక్కనుంచి దాటిపోయి, నీళ్ల అంచున కుర్చీని దించి, చప్పట్లు కొట్టారు. సత్తిబాబు గారు జేబులోంచి ఫోను తీశారు.

"ఆయ్, చూసేయండమ్మా, తనివితీరా."

మణి సముద్రం వైపు చూడలేదు. కాసేపు తన మోకాళ్ల వైపు చూసుకుంది. నాకు ఆవేశం వచ్చింది. మనిషి శరీరం, అనుమతి, గౌరవం అని ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి మారుతున్నాను. మణి చెయ్యెత్తింది.

"నువ్వు ఆగు, హారికా. ఇది పోటీ కాదు." తరవాత వాళ్ల వైపు తిరిగింది. "ఎక్కడ ఎత్తారో అక్కడికి తీసుకెళ్లి దించండి."

సత్తిబాబు గారు ఫోను పట్టుకున్న చెయ్యి దించారు.

"సముద్రం చూపించడానికే కదండీ తెచ్చాం" అన్నారు సత్తిబాబు గారు.

"చూడడానికి రాలేదండి. రావడానికి వచ్చాను. మీరు నా రావడం తీసేసుకున్నారు. తిరిగి ఇచ్చేయండి."

చేపల గంపలతో నీడలో కూర్చున్న నూకాలు అనే ఆవిడ ఇదంతా చూస్తోంది. వలల దగ్గరున్న ముగ్గురిలో ఒకడు ఆవిడ మరిది అని తరవాత తెలిసింది. "అమ్మాయి వద్దువద్దని మొత్తుకుంటంటే ఎత్తుకుపోయారేంట్రా? అదేమన్నా బేరం కుదిరిన సరుకా?" అంది. నేను సంతోషించబోయేలోగా మా వైపు తిరిగి, "నువ్వయినా తక్కువదానివి కాదులేమ్మా. వచ్చాక మళ్లీ వెనక్కి పోవడమేంటి, చాదస్తం కాపోతే?" అని కూడా అంది.

చాదస్తమే కావచ్చు. కానీ వాళ్లు మోసుకుంటూ వెనక్కి తీసుకెళ్లారు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ నవ్వలేదు. సిమెంటు రోడ్డు అంచున దించి, చేతులు దులుపుకున్నారు. సత్తిబాబు గారు ఆటోలోకి వెళ్లి కూర్చుని రేడియో పెట్టుకున్నారు.

మణి చుట్టూ చూసింది. పడవలను ఇసుక మీదుగా జరపడానికి కింద వేసే చెక్కలు ఒక పక్క పోగేసి ఉన్నాయి. అవి కాసేపు ఇస్తారా అని నూకాలును అడిగింది. విరిగితే ఎవరిస్తారని ఆవిడ ప్రశ్న. మేమే ఇస్తామన్నాం. ఉప్పునీళ్లలో నానబెట్టొద్దని మరో షరతు పెట్టి, మరిదిని పిలిచి ఆరు చెక్కలు ఇప్పించింది. జత జతగా ముందు పరచడం, మణి వాటి మీద కుర్చీ నడపడం, వెనకబడిన జతను తీసి మళ్లీ ముందు పరచడం, పని అంతే. చెప్పడానికి సులువు. చెక్కలు సమానంగా లేవు. ఒకటి వంగింది, ఒకటి ఇసుకలోకి కూరుకుపోయింది. రెండుసార్లు కుర్చీ పక్కకు ఒరిగింది. రెండుసార్లూ మరిది చేతులు ముందుకు వచ్చి, మణి చూపు చూసి ఆగిపోయాయి. మూడోసారి నిజంగా పడబోయినప్పుడు "పట్టుకోండి" అని ఆమే అంది. పట్టుకున్నాడు. నిలబెట్టి వదిలేశాడు.

"ఎత్తుంటే ఐదు నిమిషాలండి. ఎండ నెత్తికెక్కుతోంది" అని గొణిగాడు.

"మీకు ఐదు నిమిషాలు. నాకు ఇక్కడిదాకా రావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది" అంది మణి, చక్రం వైపు చూస్తూ.

మరిది వెనకబడిన చెక్క తీసి ముందు పరిచాడు. నాకు అరచేతుల్లో పేళ్లు గుచ్చుకున్నాయి. లైట్‌హౌస్ చూడాలన్న పథకం, నరసాపురం వైపు వెళ్లి భోజనం చేయాలన్న పథకం రెండూ ఆ ఇసుకలోనే కలిసిపోయాయి. ఒక వీధి వెడల్పు దాటడానికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తడి ఇసుక మొదలైన చోట చివరి చెక్క మీదినుంచి చక్రాలు దిగాయి, దిగబడలేదు. అక్కడ నేల సిమెంటు కన్నా మెత్తగా, మట్టి కన్నా గట్టిగా ఉంది. మణి నన్ను వెనక ఉండిపొమ్మంది. తనే తిప్పుకుంటూ వెళ్లింది, మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా, అల వచ్చి చక్రాలను తడిపేదాకా. అక్కడ ఆపింది.

చాలాసేపటి తరవాత నన్ను పిలిచింది. కుడి వైపు నది నీళ్లు మట్టిరంగులో వచ్చి సముద్రపు ఆకుపచ్చలో కలుస్తున్నాయి. రెండు రంగుల మధ్య గీత అటూ ఇటూ ఊగుతోంది. దూరాన ఇసుకదిబ్బ, దానిని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అక్కడికి పడవ మీదే వెళ్లాలి. నేను గంభీరమైన మాట ఏదో వినడానికి సిద్ధపడ్డాను.

"బేరింగులు తుప్పు పడతాయి. ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో" అంది. కళ్లు మాత్రం నీటి మీదినుంచి తీయలేదు. మరో గంట తీయలేదు. నేను కనుక్కోవడానికి వెళ్లాను.

మళ్లీ ఆ చెక్కల మీదుగానే రోడ్డు దాకా వచ్చాం. తిరుగు ప్రయాణం రావులపాలెం మీదుగా. కొబ్బరి తోటల మధ్యనుంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. సత్తిబాబు గారు పి.గన్నవరం దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆయన స్వభావానికి ఎంత విరుద్ధమో రెండు రోజులుగా ఆయనతో ఉన్న మాకు తెలుసు. హైవే ఎక్కాక తనే అన్నారు, ముప్పై ఏళ్లుగా ఆటో నడుపుతున్నాను, సాయం చేసినందుకు తిట్టినవాళ్లు మాత్రం లేరు అని.

"నేను తిట్టలేదండి. వద్దన్నాను" అంది మణి.

"వద్దనడం తిట్టడం కాదా అమ్మా?"

ఆయన అడిగింది ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. మణి ఆలోచించి, కాదండి, వద్దంటే వద్దని మాత్రమే అర్థం, మీరంటే ఇష్టం లేదని కాదు అని చెప్పింది. ఆయన అద్దంలోంచి ఆమె వైపు ఒకసారి చూశారు. ఒప్పుకున్నారని నేను రాయలేను. వంతెన మీద గోదావరి దాటుతుండగా "మా ఇంట్లో ఎవరికైనా అయితే నేను ఎత్తుకునే తీసుకెళ్తాను" అన్నారు. "వాళ్లు ఒప్పుకుంటే తీసుకెళ్లండి" అంది మణి. వాదన అక్కడే నిలిచిపోయింది. దీపాలు వెలిగే వేళకు ఇల్లు చేరాం.

మీరు ఈ వైపు రండి. నర్సరీలు, ద్రాక్షారామం, గౌతమి మీద పంటు, అంతర్వేది దగ్గర రెండు రంగుల నీళ్లు, అన్నీ చూడదగ్గవే. మా మనుషుల మంచితనాన్ని కూడా తప్పక చూడవలసిన వాటిలో చేర్చేదాన్నే, అది ఒక్క క్షణం ఆగడం నేర్చుకుని ఉంటే. రెండు రోజుల్లో మమ్మల్ని ఎవరూ అవమానించాలని అనుకోలేదు. అందుకే అడ్డుకోవడం అంత కష్టమయింది. చెడ్డ ఉద్దేశంతో వేసిన చేతిని తోసేయవచ్చు. మంచి ఉద్దేశంతో వేసిన చేతిని తోసేస్తే తోసేసినవారే తప్పు చేసినట్లు అవుతుంది.

కనుక చదివిన మిమ్మల్ని నేను కోరేది ఒకటే. గుడి గుమ్మం దగ్గర, రేవు దగ్గర, ఇసుక అంచున చక్రాల కుర్చీలో ఒక మనిషి కనిపిస్తే, సాయం కావాలా అని అడగండి. అడిగాక మీ చేతులు మీ దగ్గరే ఉంచుకోండి. జవాబు వచ్చేదాకా ఆగండి. అది 'వద్దు' అయితే, చిన్నబుచ్చుకోకుండా పక్కకు జరిగి, దారి ఇవ్వండి.